వెలగని పూసలు

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. చిన్నదినం నాడు ఆదోనిలో మా వీధి మొత్తం ఆ సామెతను నిజం చేసే పనిలో పడింది. బంగారంలాంటి మనిషని ఒకరు, నోట్లో నాలుక లేని తల్లని ఇంకొకరు. ఆ రెండో మాట వినేసరికి అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. నోట్లో నాలుక లేకపోవడమేమిటి? ఆమె ఆస్తి అంతా ఆ నాలుకే కదా! బతికున్నన్నాళ్ళూ ఆమెను గయ్యాళి అన్న నోళ్ళే ఇవి. ఈ పొగడ్తలు చెవిన పడితే లేచి కూర్చుని, ఒక్కొక్కరినీ పేరుపేరునా కడిగేసి, మళ్ళీ పడుకునేది.

ఆమె నాకు రక్తబంధువు కాదు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక పిట్టగోడ. దాని మీదుగా మా అమ్మా ఆమే కరివేపాకూ చాడీలూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. అట్లా ఆమె నాకు చిన్నమ్మ అయింది, ఆమె భర్త చిన్నాయన అయ్యాడు. చిన్నాయన పత్తి మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీ. ఆమె ఆ యార్డు గేటు పక్కనే బండి మీద బొరుగులు తాలింపేసి చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్మేది.

తిట్టేటప్పుడు ఆమె మనిషిని చూసేది కాదు. చూపంతా బాణలి మీదే. ఎవరిని తిడుతోందో ఆ తిట్టు తగిలినవాళ్ళకే తెలిసేది. కొత్తగా వచ్చిన పత్తి దలారీ ఒకాయన ఉగ్గానిలో కారం తగ్గించమన్నాడు ఒకసారి.

"కారం తినలేనోనివి ఇంటికాడ పెరుగన్నం తిని రాకూడదా అప్పా? ఈడికి యాల వస్తివి?" అంది, నూనెతో మాట్లాడుతున్నట్టుగా.

ఆ దలారీ తర్వాత రోజూ అక్కడే తిన్నాడు. అంత తిట్టు తిన్నాక కారం పెద్దగా తెలిసేది కాదేమో.

పెద్దకడుబూరు వైపు నుంచి పత్తి తెచ్చిన రైతు ఒకాయన ప్లేటు చేతిలో పట్టుకుని తినకుండా నిలబడి ఉండటం ఇంకోసారి చూశాను. పత్తిలో తేమ ఉందని ధర కోసేశారట. "వాళ్ళు కోసింది ధర గదన్నా. నువ్వు కడుపెందుకు కోసుకుంటాండావు? తిను ముందు," అని కసిరి ఆ ప్లేటులో ఇంకో బజ్జీ పడేసింది. ఆయన కళ్ళు తుడుచుకుని తిన్నాడు. ఇట్లాంటివి చెప్పి ఆమెను దయామయిని చెయ్యడం నాకిష్టం లేదు. ఆ వెంటనే, చేతులు కడిగిన నీళ్ళు బండి చక్రం దగ్గరే పారబోసిన ఇంకొకడిని వాడి ముత్తాత దాకా తిట్టింది.

పొద్దుటి నుంచి బండి దగ్గర నిలబడి నిలబడి ఆమెకు నడుము పట్టేసేది. అందుకు మందుల షాపులో విడిగా అమ్మే నొప్పి బిళ్ళలు కొనుక్కుని కొంగున ముడేసుకునేది. టీ తాగినప్పుడల్లా ఒకటి వేసుకునేది. ఎవరైనా కాళ్ళు లాగుతున్నాయన్నా, తల పగిలిపోతోందన్నా, కొంగు విప్పి వాళ్ళకూ ఒకటి ఇచ్చేది. "ఏసుకో. సస్తే నన్నడుగు," అనేది. ఏళ్ళ తరబడి మింగిన ఆ బిళ్ళలూ, ఎన్నడూ పట్టించుకోని బీపీ కలిసి రెండు కిడ్నీలనూ పాడు చేశాయని డాక్టరు చెప్పిన రోజు, "నా కొంగే నాకు ఉరైందన్నమాట," అని కొంగు దులిపి భుజాన వేసుకుంది. అంతకుమించి ఏడుపూ లేదు, పెడబొబ్బలూ లేవు.

డయాలసిస్ మొదలయ్యాక ఆ యంత్రానికి అత్త అని పేరు పెట్టింది. "మా అత్త కాడికి పోయొస్తా. తాగినంత తాగి, మిగిలింది నాకిస్తాది," అని చెప్పి బండి మీద గోనెపట్టా కప్పేది. ఆమె అసలు అత్త ఎప్పుడో పోయింది. పోయేదాకా ఆ ముసలమ్మకు ఒకటే కోరిక, మనుమడు కావాలని. చిన్నమ్మకు ముగ్గురూ ఆడపిల్లలే. ఆ ముగ్గురికి ముందూ వెనకా మధ్యా నిలబడని కాన్పులు. అవి ఎన్నో ఆమె ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ ఒకసారి అడిగితే, "దేవుడడిగినప్పుడు సెప్తాలే అక్కా. ఆయప్ప దగ్గర దాసేదేముండాది," అని లోపలికి వెళ్ళిపోయింది.

డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి తాగాలి. ఆమె పని చూస్తే మండే పొయ్యి ముందు. పెదవులు ఎండిపోయి పొట్టు లేచేవి. నోరు పుక్కిలించి ఉమ్మేసేది, మింగేది కాదు. ఎవడైనా గ్లాసులో సగం నీళ్ళు వదిలేసి పోతే మాత్రం ఊరుకునేది కాదు. "పారబోసేకి నీళ్ళుండాయి నీకు! ఈ పక్క నేను నాలుక సప్పరించుకుంటాండా," అని వాడి వెనకాలే అరిచేది. వాడికి ఏమీ అర్థమయ్యేది కాదు.

బతకాలంటే కిడ్నీ మార్చాలన్నారు. "నాది తీసుకోండి," అన్నాడు చిన్నాయన. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆమె మాట్లాడగా మిగిలిన సందులో మాట్లాడే మనిషి. అట్లాంటివాడు డాక్టరు ప్రశ్న పూర్తి కాకముందే ఆ మాట అన్నాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పరీక్షలకు ఇద్దరూ బెంగళూరు వచ్చారు. నేనుండే ఒంటిగదిలోనే దిగారు. నేను పని చేసేది అట్లాంటి పరీక్షలు చేసే ల్యాబులోనే. అక్కడ జరిగేది కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన అన్యాయం అర్థం కాదు.

కంటికి కనపడనంత చిన్న పూసలు ఉంటాయి. ఒక్కో రకం పూసలోకి రెండు రంగులు వేర్వేరు పాళ్ళలో ఎక్కిస్తారు. ఆ పాళ్ళను బట్టి ఏ పూస ఏదో యంత్రం తన వెలుగులో గుర్తుపడుతుంది. మనుషుల కణాల మీద ఒక్కొక్కరికి ఒక్కో రకం గుర్తులుంటాయి. ఒక్కో రకం పూస మీద ఒక్కో గుర్తు అంటించి ఉంటుంది. అట్లాంటి పూసలు వంద రకాల దాకా ప్లేటులోని ఒకే చిన్న గుంటలో కలిపి, రోగి రక్తం నుంచి తీసిన సీరం ఒక్క చుక్క పోస్తాం. ఆ రక్తం ఏ గుర్తును పగవాడనుకుంటుందో ఆ పూసను పట్టుకుంటుంది. పట్టుకున్న పూసలు యంత్రంలో వెలుగుతాయి. ఒకప్పుడు విడివిడిగా చెయ్యాల్సిన పరీక్షలన్నీ ఒక్క చుక్కతో, ఒక్క విడతలో తేలిపోతాయి. వెలిగిన పూస మీది గుర్తు ఎవరికి ఉందో వాళ్ళ కిడ్నీ పనికిరాదు. పెట్టినా ఆ ఒళ్ళు దాన్ని బతకనివ్వదు. పూస వెలిగితే పాజిటివ్ అంటాం, అది చెడు. వెలగకపోతే నెగటివ్, అదే మంచి.

చిన్నమ్మ రక్తానికి పూసలు దీపావళి చేశాయి. వెలగనివి ఏవో కొన్ని మిగిలాయి. చిన్నాయన గుర్తులున్న పూసలైతే అన్నిటికన్నా ఎక్కువ వెలిగాయి.

పాజిటివ్ వచ్చిందని ఆస్పత్రి వరండాలో కౌంటరు దగ్గరి అమ్మాయి చిన్నాయనకు కన్నడం కలిపి ఒకటే ముక్క చెప్పింది. "మ్యాచింగ్ పాజిటివ్ బందిదె, డాక్టర్‌ని కలవండి." కరోనా కాలంలో పాజిటివ్ అంటే ఏమిటో మావాళ్ళందరికీ తెలిసిందే. కానీ ఆ మాటకు ముందు మ్యాచింగ్ అనే మాట ఉంది. మా వైపు సంబంధం కుదిరితే మ్యాచ్ అయిందంటారు, చీరకు రవికె కుదిరితే మ్యాచింగ్ అంటారు. మ్యాచింగ్ పాజిటివ్ అంటే కుదిరి కూర్చున్నట్టేనని ఆయన అనుకున్నాడు. నేను అక్కడికి చేరేసరికి యార్డులో తోటి హమాలీలందరికీ ఫోన్లు చేసేశాడు. ఉరుకుంద ఈరన్నకు టెంకాయలు మొక్కేసుకున్నాడు. నన్ను చూసి, "కుదిరింది పాపా!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

గదికి చేరాక మిఠాయి తెస్తానని ఆయన మళ్ళీ బయటికి పోయాడు. చిన్నమ్మ చాప మీద కూర్చుని నా వైపు చూసింది. మనిషిని సూటిగా చూసి మాట్లాడిందంటే మామూలు విషయం కాదు.

"ఆయప్ప మొగం పెండ్లికొడుకు మాదిరుండాది. నీ మొగం ఎందుకట్లుండాది? సెప్పు పాపా."

చెప్పాను. పూసల దగ్గర మొదలుపెట్టాను.

"పూసలా? యా పూసలు, నల్లపూసలా?"

"రంగు పూసలు సిన్నమ్మా. కంటికి కనపడవు. నీ రక్తం యా పూసతో కొట్లాడితే ఆ పూస ఎలుగుతాది. ఎలిగితే పాజిటివ్. ఆ మనిషిది నీకు పనికిరాదు."

"నావెన్ని ఎలిగినాయి?"

"దగ్గర దగ్గర అన్నీ."

"అయితే నా రగతం అందరితోనూ కొట్లాడతాదన్నమాట. నా నోరు యాడ సదువుకునిందో అదీ ఆడే సదువుకునింది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత, "ఎందుకట్లయితాది?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ ఆమెతో దాపరికం కుదిరేది కాదు. కడుపులో బిడ్డ సగం తండ్రిదని, తండ్రి గుర్తులను తల్లి ఒళ్ళు కొత్తవని పసిగడుతుందని, కొందరిలో ఒక్కో కాన్పుకూ ఆ పగ పెరుగుతుందని, నిలబడని కాన్పులకు కూడా పెరుగుతుందని చెప్పాను.

నవ్వు ఆగిపోయింది. 

"అవి పోయినాయనుకుంటి పాపా. యాడికీ పోలేదన్నమాట," అంది. ఆ గొంతు నాకు కొత్తది. "ఆయమ్మ మనుమడు కావాలనె. నేను కంటానే పోతి. ఇప్పుడు ఆయమ్మ కొడుకుదే నాకు పనికిరాకపాయె. బాగుండాది, శానా బాగుండాది."

మెట్ల మీద చిన్నాయన చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"ఆయప్పకు సెప్పొద్దు. సెప్తే తానే నన్ను సంపినాననుకుంటాడు. లేదంటే నా బిడ్డలు సంపినారనుకుంటాడు. మూటలు మోసి మోసి ఆయప్ప నడుం ఇప్పటికే పోయింది, ఇదొకటి మోయలేడు."

చిన్నాయన మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆమె గొంతు ఒక్కసారిగా బండి దగ్గరి గొంతైపోయింది.

"షుగరు పెట్టుకుని మైసూర్‌పాక్ తెస్తివా? నీకు సిగ్గుండాదా? మ్యాచ్ అయితే అయింది గానీ షుగరోని కిడ్నీ తీసుకోరంట. ఆ పాప సెప్తాండాది, ఇను. తిను, ఇంకా తిను, బాగా తియ్యగుండాదేమో!"

ఆయనకు షుగరు ఉన్న మాట నిజమే, కాస్త. పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన ముఖం వాడిపోయింది గానీ పగిలిపోలేదు. నాది కుదిరింది, షుగరు అడ్డం పడింది అనే మాట ఆయనకు మిగిలింది. ఆ మాట పట్టుకునే ఆయన ఊరికి తిరిగొచ్చాడు, ఆ మాటే యార్డులోనూ వీధిలోనూ అందరికీ చెప్పాడు. ఉరుకుందకు పోయి టెంకాయలూ కొట్టొచ్చాడు. కుదిర్చినంత వరకు ఈరన్న తన మాట నిలబెట్టుకున్నాడు కదా అన్నాడు. దాంతో పాజిటివ్ అంటే కుదిరినట్టని మా వీధిలో స్థిరపడిపోయింది. ముక్కుసూటి మనిషి జన్మకు ఒక్కసారి ఆడిన అబద్ధం అది. దయతో ఆడింది. దయ చూపడం అలవాటు లేనివాళ్ళకు అది అచ్చిరాదని తర్వాత తెలిసింది.

బిడ్డలను పరీక్షకు పంపడానికి ఆమె ఒప్పుకోలేదు. వాళ్ళు పోట్లాడితే, "మీరు కనాల్సినోళ్ళు. మీ కడుపులు ముట్టొద్దు," అంది. పంపినా లాభం లేదని నాకు తెలుసు. వాళ్ళలో సగం చిన్నాయన గుర్తులే. ఇక ఆశంతా ఒక్క మనిషి మీదే.

ఎమ్మిగనూరులో ఆమెకు ఒక తమ్ముడున్నాడు. వాళ్ళది నేతవాళ్ళ ఇల్లు. తల్లి తొందరగా పోతే ఆమే అతణ్ణి చంకనేసుకుని పెంచింది. ఊరందరినీ తిట్టిన ఆమె అతణ్ణి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. బస్సెక్కి పుట్టింటికి పోయేటప్పుడు ఉగ్గాని పొట్లం కట్టుకుపోయేది. దాంట్లో మాత్రం కారం తగ్గించేది. "వాడు కారం తినలేడు, పిల్లోడు," అనేది. ఆ పిల్లోడికి అప్పటికి మీసాలు నెరిశాయి. మెత్తని మనిషి. నేను మామా అని పిలిస్తే, సిగ్గుపడుతూ పలికేవాడు. అతణ్ణి దుర్మార్గుడని నేను ఎవరితోనూ అనలేను, నా కోపమంతా అక్కడే ఉంది. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

అడగకుండానే వచ్చాడు బెంగళూరుకు. రక్తమిచ్చేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఫలితం వచ్చిన రోజు డాక్టరు గదిలో అతని పక్కన నేనే ఉన్నాను. డాక్టరు నవ్వుతూ, "నెగటివ్ బందిదె. తుంబా ఒళ్ళేదు," అన్నాడు, నెగటివ్ వచ్చింది, చాలా మంచిదని. ఎమ్మిగనూరువాళ్ళకు కన్నడం చెప్పాల్సిన పని లేదు. అయినా అతను నా వైపు తిరిగాడు.

"అంటే?"

"కుదిరింది మామా. నీ గుర్తులుండే పూసలు ఒక్కటి కూడా ఎలగలేదు. తోడబుట్టినోళ్ళలో కూడా అందరికీ ఇట్ల కుదరదు. సిన్నమ్మ రక్తం నీతో తప్ప అందరితో కొట్లాడింది."

నేను సంతోషంలో ఆ చివరి మాట అన్నాను. అతని ముఖం తెల్లబోయింది. బాత్రూము ఎక్కడని అడిగి బయటికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాకపోతే వెతికాను, ఫోన్ చేశాను. బస్సులో ఉన్నానని, మగ్గం పని ఉందని, అక్కతో తనే మాట్లాడతానని అన్నాడు. ఆ మంచి మాట తమ్ముడి నోటితోనే ఆమె వినాలని నేను ఆదోనికి ఫోన్ చెయ్యలేదు.

ఆ ఆదివారం ఊరికి వెళ్ళాను. నేను వెళ్ళిన కాసేపటికి అతనూ వచ్చాడు, చేతిలో బత్తాయిల సంచితో. ఎదురుచూస్తున్న వీధి కదా, ఇంటి నిండా జనం చేరారు. చిన్నాయన అతనికి కుర్చీ వేసి, తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం సెప్పమంటావక్కా," అన్నాడు అతను, బత్తాయిల సంచి కేసి చూస్తూ. "నెగటివ్ వచ్చింది."

అబద్ధం కాదు చూడండి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. వీధి వీధంతా నిట్టూర్చింది. పాజిటివ్ అంటే కుదిరినట్టని చిన్నాయన అందరికీ నేర్పాడు కదా. నెగటివ్ అంటే ఇక చెప్పేదేముంది? "నీ తప్పేముండాది నాయనా, రగతం కుదరాల గదా," అని ఒక ముసలమ్మ అతని వీపు నిమిరింది. చిన్నాయన తలకాయ పట్టుకుని కింద కూర్చున్నాడు.

అక్కడ నిజం తెలిసినవాళ్ళం ముగ్గురమే, అతనూ నేనూ, ఆ రోజు పూసల సంగతి విన్న చిన్నమ్మా. నేను నోరు తెరిచాను. చిన్నమ్మ నన్ను చూడలేదు. తమ్ముణ్ణి చూస్తోంది. "పాపా, లోపలికి పోయి మామకు టీ పెట్టుపో," అంది. నేను కదలలేదు. "పో అంటాండా గదా!" అని గద్దించింది. వెళ్ళాను. వంటింట్లో స్టవ్ ముందు నిలబడి, ఆమె అతనితో అంటున్న మాటలు విన్నాను.

"తిన్నావా? మొగమట్ల పీక్కపోయిందేంరా? ఎండలో వస్తివా?"

అందరూ పోయాక పోట్లాడాను. నా జీవితంలో ఆమె మీద అరిచింది ఆ ఒక్కసారే. ఎందుకు నోరు మూయించావని, ఊరందరినీ కడిగేదానివి ఆయన్ను చూస్తే నీ నోరేమైందని అడిగాను.

"వాడు భయపడినాడు," అంది.

"భయపడితే ధైర్యం సెప్తారు. డాక్టర్లుండారు, నేనుండా. అడుగు సిన్నమ్మా. ఒక్క మాట అడుగు."

"అడిగి తెచ్చుకునేకి అది ఉప్పా సింతపండా?"

"మరి నువ్వు సస్తావే!"

"తిడితే వాడు ఇస్తాడు. నాకు తెలుసు. ఇచ్చినాక నా మొగం సూడడు. కిడ్నీ వస్తాది గానీ తమ్ముడు పోతాడు." ఆమె ఒక బత్తాయి తీసి, వాసన చూసి, పక్కన పెట్టేసింది. డయాలసిస్ మనిషికి అట్లాంటివి తినకూడదని కూడా అతను కనుక్కోలేదు. "నువ్వు ఎమ్మిగనూరికి పోయి ఏమన్నా అన్నావంటే నా గడప తొక్కొద్దు. ఈయప్పకూ సెప్పొద్దు. సెప్తే ఆయప్పది కుదరలేదని గూడా సెప్పాల్సొస్తాది."

అప్పుడర్థమైంది నాకు ముడి ఎక్కడ పడిందో. తమ్ముడి నెగటివ్ మంచిదని చెప్పాలంటే భర్త పాజిటివ్ చెడ్డదని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతాడు. ఆ ఎందుకు దగ్గర ఆ నిలబడని కాన్పులన్నీ ఉన్నాయి. మైసూర్‌పాక్ పొట్లం సాక్షిగా తను వేసిన ముడిలోనే తను ఇరుక్కుంది. విప్పగలిగీ విప్పలేదు. ఈ విషయంలో ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. పెట్టుకున్నాను.

ఆస్పత్రివాళ్ళు తమ్ముడికి ఫోన్లు చేశారు, అతను ఎత్తలేదు. ఆమెనడిగితే వాడికి వీలుకాదంట అని చెప్పింది. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే కిడ్నీల వరుసలో ఆమె పేరుండేది. అన్నిటితో కొట్లాడే రక్తానికి ఆ వరుసలో వచ్చేదేమిటో నాకు తెలుసు. అతను పండగలకు చీర పంపేవాడు. రావడం తగ్గించాడు. వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి పోయేవాడు. తమ్ముడు పోకూడదని కదా ఆమె అంత చేసింది! వాడు పోనే పోయాడు. ఆమె ఆ సంగతి ఒప్పుకోలేదు. మగ్గం పని ఎక్కువగా ఉందనేది.

బండి మాత్రం చివరి నెలల దాకా నడిపింది. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టేవి కాదు. తిట్లు మునుపటికన్నా పదునెక్కాయని యార్డులో అందరూ అనుకునేవాళ్ళు. జబ్బు మనిషి కదా చిరాకు అని సర్దుకునేవాళ్ళు. ఆ తిట్లన్నీ ఎవరికి చేరాల్సినవో నాకు తెలుసు. కారం తక్కువ కావాలన్నవాడినల్లా తిట్టి తిట్టి పెట్టింది.

శ్రావణమాసంలో, ఉరుకుంద జాతరకు పోయే జనంతో బస్సులన్నీ కిక్కిరిసి తిరుగుతున్న రోజుల్లో పోయింది. నేను రైలు దిగి వచ్చేసరికి అన్నీ సిద్ధం చేసి, పుట్టింటి చీర కోసం ఎదురుచూస్తున్నారు. ముత్తైదువగా పోయింది, తోడబుట్టినవాడు చీర తెచ్చి కప్పాలి. బస్సు దొరకలేదని అతను ఆలస్యంగా వచ్చాడు. పసుపూ కుంకుమా పూలూ, ఎర్రంచు చీర. చీర కప్పి ఆమె కాళ్ళ మీద పడిపోయాడు.

"అక్కా, ఇస్తానని వస్తిని గదక్కా! నా రగతం కుదరకపాయె గదక్కా! నాకు రాసిపెట్టి లేకపాయె గదక్కా!"

ఆడవాళ్ళంతా ఆమె కోసం ఏడవడం మాని అతని కోసం ఏడవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళంతా మంటలు.  చిన్నాయన లేచి వచ్చి, వంగి, మూట ఎత్తినట్టు ఆ మనిషిని భుజాలు పట్టి లేపి, తన ఒంటికి ఆనించుకున్నాడు.

"ఊరుకో బామ్మర్దీ. నాది పాజిటివ్ వచ్చినా షుగరు అడ్డం పడె. నీది నెగటివ్ అయిపాయె. మన సేతుల్లో ఏముండాది?" అతని ఏడుపు ఇంకా ఎక్కువైంది. చిన్నాయనకు ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూశాడు. నేను కనిపించాను. "పాపా, ఆ పరీక్షలు సేసేదానివి నువ్వే గదా. నువ్వన్నా సెప్పు మామకు, ఆయన తప్పేం లేదని. నేను సెప్తే ఇనడంలే."

అందరూ నా వైపు తిరిగారు. చిన్నాయన కళ్ళు చూశాను. ఆయనకు ఆమె వదిలి వెళ్ళిన ఆస్తి ఆ ఒక్క పాజిటివ్. నేను దాన్ని లాక్కోలేను. అతని ముఖం చూశాను. మొదటిసారి అతనూ నా ముఖం చూశాడు. నాకు తెలుసని అతనికి తెలుసు.

"నెగటివే వచ్చింది మామా," అన్నాను, అతని కళ్ళలోకే చూస్తూ. "నీ పూసలు ఒక్కటి కూడా ఎలగలేదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అయ్యో అన్నారు. చిన్నాయన, చూసినావా అన్నట్టు అతని వీపు నిమిరాడు. అతని ఏడుపు మాత్రం అక్కడికక్కడ ఆగిపోయింది.